మందు బతికించింది, ముసలితనాన్ని ఎవరు చూస్తారు?



2000 దశకం మొదట్లో మన ఊళ్ల గోడల మీద, బస్టాండుల దగ్గర ఎయిడ్స్ ప్రచార హోర్డింగుల మీద ఒకటే ప్రశ్న కనబడేది: "పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?" ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ మాట వినని మనిషి లేడు. ఆ రోజుల్లో ముప్పై ఏళ్ల వయసులో హెచ్ఐవీ సోకిన లారీ డ్రైవరుకు, పెళ్లయిన కొత్తలోనే భర్త నుంచి జబ్బు సోకిన ఇల్లాలికి, మిరప కళ్లాలకూ పొగాకు బ్యారన్లకూ కూలికి పోయిన మనిషికి ఇప్పుడు యాభై దాటింది. కొందరికి అరవై, కొందరికి డెబ్బై. వాళ్లు చనిపోలేదు. రేషన్ షాపు దగ్గర, గుడి అరుగు మీద, చర్చిలో, ఉపాధి పనిలో మీ పక్కనే ఉన్నారు. వాళ్ల గురించి మాట్లాడే గొంతులే తగ్గిపోయాయి.

ఈ కరపత్రం వాళ్ల కోసం. వాళ్లలో మీరూ ఒకరైతే మీ కోసం. కాకపోయినా చివరిదాకా చదవండి, మీతో పని ఉంది.

వీళ్లు బతికి బట్టకట్టడానికి కారణం మందు. ఆ మందు ఊరికే రాలేదు. ఒకప్పుడు ఒక మనిషికి ఏడాదికి పదివేల డాలర్లకు పైగా, అంటే అప్పటి లెక్కన నాలుగు లక్షల రూపాయలకు పైగా ఖర్చయ్యేది. 2001లో మన దేశపు సిప్లా కంపెనీ మూడు మందులు కలిపి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానని ముందుకొచ్చింది. 2004 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం ఉచితంగా ఏఆర్టీ మందులు, అంటే హెచ్ఐవీని అణచిపెట్టే మందులు, మొదలుపెట్టినప్పుడు ముందు వరసలో నిలిచిన ఆరు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. మొదట్లో ఒంటికి రక్షణగా ఉండే సీడీ4 కణాలు బాగా పడిపోతేగాని మందు మొదలుపెట్టేవారు కాదు. ఆ వరస వచ్చేలోపు ఎందరో పోయారు. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ, సీడీ4 ఎంతున్నా సరే, మందు ఇవ్వాలన్నది విధానం. ఇప్పుడు ఎక్కువమంది వేసుకునేది రోజుకు ఒకే బిళ్ల: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ అందులోనే. 2022లో ఈ మందులకు కొరత వస్తే ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అదే నాకో, ఆఫీసు ముందు నెల రోజులకు పైగా బైఠాయించింది పాజిటివ్ మనుషులే. అడిగినవాళ్లుండబట్టే మందు ఇంతదూరం వచ్చింది.

ఇప్పుడు అడగాల్సింది వేరే ఉంది.

పేపర్లో "హెచ్ఐవీ శాతం" అని వచ్చే అంకె ఎవరిదో తెలుసా? 15 నుంచి 49 ఏళ్ల వయసువాళ్లది. 2021 అంచనాల్లో ఆంధ్రప్రదేశ్‌కు 0.67 శాతం, తెలంగాణకు 0.47 శాతం, దేశం మొత్తానికి 0.21 శాతం అని చెప్పింది ఆ వయసు లోపలి లెక్కే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో హెచ్ఐవీ పరీక్షకు రక్తం తీసింది 49 ఏళ్ల దాకా ఆడవాళ్లకు, 54 ఏళ్ల దాకా మగవాళ్లకు. యాభై నిండితే మనిషి ఆ శాతంలోంచి జారిపోతాడు. జబ్బు మాత్రం ఒంట్లోనే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో మూడు లక్షల ఇరవై వేల మంది, తెలంగాణలో లక్షన్నరకు పైగా హెచ్ఐవీతో బతుకుతున్నారని అదే అంచనా చెప్పింది. ఆ మొత్తంలో పెద్దవాళ్లూ ఉన్నారు, కానీ వాళ్ల అవసరం ఏమిటన్నది ఎవరి నోటా రాదు. దక్షిణాఫ్రికాలో అగిన్‌కోర్ట్ అనే పల్లె ప్రాంతంలో 2014-15లో 40 దాటినవాళ్లను ప్రత్యేకంగా పరీక్షిస్తే దాదాపు నూటికి 23 మందిలో హెచ్ఐవీ బయటపడింది. అక్కడున్నంత తీవ్రత మన దగ్గర లేదు. కానీ పెద్దవాళ్లను వెతికితేనే కనబడతారన్నది అక్కడా ఇక్కడా ఒకటే.

హెచ్ఐవీ మందుతో అదుపులో ఉన్నా, ఏళ్ల తరబడి ఒంట్లో లోలోపల మంట పెడుతూనే ఉంటుంది. రక్తనాళాలు త్వరగా గట్టిపడతాయి. గుండెజబ్బు ముప్పు మామూలు మనిషికన్నా దాదాపు రెట్టింపు. షుగర్, బీపీ, కిడ్నీ జబ్బు, ఎముకలు గుల్లబారడం ముందుగానే మొదలవుతాయి. మొదటి ఏళ్లలో స్టావుడిన్ అనే మందు వాడినవాళ్లలో చాలామందికి బుగ్గలు పీక్కుపోయాయి, అరికాళ్ల తిమ్మిర్లు ఈనాటికీ పోలేదు. ఆ మందు ఆపేసి ఏళ్లయినా ఆ కాళ్లతోనే వాళ్లు ఏఆర్టీ సెంటరు మెట్లెక్కుతున్నారు. ఒకప్పుడు వీళ్లను టీబీ చంపేది. ఇప్పుడు టీబీ నుంచి తప్పించుకున్న మనిషి గుండెపోటుతో పోతే, ఇంట్లోవాళ్లు "ఆ జబ్బే తీసుకుపోయింది" అని సరిపెట్టుకుంటున్నారు. కాదు. బీపీ చూసినవాళ్లు లేక పోయాడు.

ఒక సంగతి మీకు నేరుగా చెప్పాలి. మన పెద్దవాళ్లలో చాలామంది హెచ్ఐవీ మందు ఒకచోట, బీపీ షుగర్ మందులు ఇంకోచోట తెచ్చుకుంటారు. మొదటిది జిల్లా ఆసుపత్రిలోని ఏఆర్టీ సెంటర్లో, ఎవరూ గుర్తుపట్టకుండా మొహానికి కొంగు కప్పుకుని. రెండోది ఊళ్లోని డాక్టరు దగ్గరో, ఆర్ఎంపీ దగ్గరో. రెండోచోట మొదటి మందు సంగతి చెప్పరు. చెబితే ఊరంతా తెలుస్తుందని భయం. ఆ భయం అకారణం కాదు, దానికి మేం ఎవరినీ తప్పుపట్టం. కానీ ఆ మౌనం వల్ల ఒంట్లో ఏం జరుగుతుందో వినండి.

షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్, డోలుటెగ్రావిర్ కలిస్తే రక్తంలో మెట్‌ఫార్మిన్ మోతాదు పెరుగుతుంది. అందుకే డోలుటెగ్రావిర్ వాడేవాళ్లకు మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వకూడదు. ఆ సంగతి తెలియని డాక్టరు 2000 రాసేస్తాడు. ఎముకలకని ఇచ్చే క్యాల్షియం బిళ్ల, రక్తానికని ఇచ్చే ఐరన్ బిళ్ల పరగడుపున హెచ్ఐవీ బిళ్లతో కలిపి మింగితే ఆ మందును ఒంటికి పట్టనివ్వవు. అన్నం తిని రెండూ కలిపి వేసుకోవచ్చు. లేదంటే హెచ్ఐవీ బిళ్ల వేసుకున్న రెండు గంటల తర్వాత క్యాల్షియం వేసుకోవాలి. క్యాల్షియం ముందు వేసుకుంటే ఆరు గంటలు ఆగి హెచ్ఐవీ బిళ్ల వేసుకోవాలి. కడుపులో మంటకు తాగే గ్యాస్ సిరప్‌కు ఈ ఎడం ఇంకా ముఖ్యం, అన్నంతో కలిపి తాగినా లాభం లేదు. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో వేసే డైక్లోఫెనాక్ సూది, నొప్పి బిళ్లలు టెనోఫోవిర్‌తో చేరి కిడ్నీలను దెబ్బతీయగలవు. టీబీకి రిఫాంపిసిన్ మొదలుపెడితే డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. ఇవేవీ మీరు సొంతంగా మార్చుకోకండి, మందు ఏదీ ఆపకండి. మీరు వేసుకునే మందులన్నీ, బిళ్లల అట్టలతో సహా, ఒక సంచిలో వేసుకుని ఏఆర్టీ సెంటరు డాక్టరు ముందు పెట్టండి. "అయ్యా, ఇవన్నీ కలిపి చూడండి" అని అడగండి. అది మీ హక్కు.

అసలు ఇలా సంచి మోసుకుని తిరగాల్సిన అవసరం ఎందుకు వచ్చింది? జిల్లా ఆసుపత్రిలోనే ఏఆర్టీ సెంటరు ఉంటుంది. అదే ఆవరణలో బీపీ, షుగర్ క్లినిక్కు ఉంటుంది. వృద్ధుల ఆరోగ్యం కోసం 2010-11లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పెద్దవాళ్లకు ప్రత్యేక ఓపీ, పది పడకల వార్డు జిల్లా ఆసుపత్రిలో ఉండాలి. మూడింటికీ జీతాలు ఇచ్చేది మన డబ్బుతోనే. మూడింటి మధ్యా తలుపులు మాత్రం లేవు. ఒక పెద్దావిడ తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి, ఏఆర్టీ క్యూలో నిలబడి మందు తీసుకుని, మళ్లీ ఇంకో ఓపీ చీటీ తీసుకుని బీపీ క్యూలో నిలబడితే అప్పటికి ఓపీ సమయం అయిపోతుంది. "రేపు రామ్మా" అంటారు. రేపు అంటే ఇంకో రోజు కూలి, ఇంకో రోజు బస్సు చార్జీ. ఆమె రాదు.

ఏఆర్టీ వాడేవాళ్లకు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూడాలని జాతీయ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్లకు మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వవచ్చని కూడా ఉంది. కొత్త జీవోలు అడగడం లేదు. కాగితం మీద ఉన్నది కౌంటరు దగ్గరికి రావాలని అడుగుతున్నాం.

డాక్టర్లకు, నర్సులకు ఒక మాట. మీలో ఎందరో ఈ జబ్బు పేరెత్తితేనే జనం పారిపోయిన రోజుల్లో రోగుల చేయి పట్టుకున్నారు. దానికి చేతులెత్తి దండం పెడతాం. అయినా ఈనాటికీ కంటిశుక్లం ఆపరేషన్‌కు వెళ్లిన పెద్దాయనను రిపోర్టు చూసి "వేరే ఆసుపత్రికి వెళ్లండి" అని పంపేవాళ్లున్నారు. తుంటి ఎముక విరిగిన అవ్వను స్ట్రెచర్ మీదే ఉంచి డిశ్చార్జి రాసేవాళ్లున్నారు. గ్లవ్స్, శుభ్రం చేసిన పనిముట్లు ప్రతి రోగికీ వాడాల్సినవే. హెచ్ఐవీ ఉన్నవాడికి ప్రత్యేకంగా వాడేవి కావు. పొరపాటున సూది గుచ్చుకున్నా 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వేసుకుంటే కాపాడే మందు ఉంది. మరి ఎందుకు భయం?

ఇక చట్టం. 2017లో హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం వచ్చింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా హెచ్ఐవీ ఉందని వైద్యం నిరాకరించడం, విడిగా పడుకోబెట్టడం ఆ చట్టం ప్రకారం వివక్ష. వైద్యం చేయాలంటే ముందు హెచ్ఐవీ పరీక్ష చేయించుకురమ్మని షరతు పెట్టడమూ వివక్షే. ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు. ఒకరి జబ్బు సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు; కోర్టు కేసులో తెలిసిన జబ్బు సంగతి బయటపెడితే లక్ష రూపాయల వరకు జరిమానా. ఈ జబ్బున్నవాళ్ల మీద ద్వేషం రెచ్చగొట్టేలా ప్రచారం చేస్తే మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. ప్రతి రాష్ట్రంలో ఒక అంబుడ్స్‌మన్ ఉండాలి. ఫిర్యాదు అందిన ముప్పై రోజుల్లో, ప్రాణం మీదికొచ్చిన సందర్భమైతే వీలైనంతవరకు 24 గంటల్లో, ఆదేశం ఇవ్వాలి. ఫిర్యాదు మూడు నెలల లోపు చేయాలి, ఆలస్యం చేయకండి. ఈ చట్టం సంగతి ఎంతమంది పెద్దవాళ్లకు తెలుసు? అంబుడ్స్‌మన్ పేరు, చిరునామా ప్రతి ఏఆర్టీ సెంటరు గోడ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించమని అడుగుదాం. చదవలేనివాళ్లకు కౌన్సిలర్ చదివి వినిపించాలి.

ఇంటి సంగతి మాట్లాడకుండా ఈ కాగితం ముగించలేం. కొడుకులారా, కోడళ్లారా, కూతుళ్లారా, అల్లుళ్లారా! అమ్మకో నాన్నకో వేరే కంచం, వేరే గ్లాసు, పశువుల కొట్టం పక్కన మంచం వేసిన ఇళ్లు మన ఊళ్లలో ఉన్నాయి. కంచంతో సోకదు. తువ్వాలుతో సోకదు. మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే, ముద్దు పెట్టుకుంటే సోకదు. మందు క్రమం తప్పకుండా వేసుకుని, వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గిన మనిషి నుంచి లైంగికంగా కూడా ఇంకొకరికి సోకదని శాస్త్రం రుజువు చేసింది. ఇంట్లో అందరితో పాటు ఉండే హక్కు, ఇంట్లోని ఏ గదిలోంచీ వెళ్లగొట్టబడకుండా ఉండే హక్కు హెచ్ఐవీ చట్టం ఆ మనిషికి ఇచ్చింది. అరవై దాటిన తల్లిదండ్రులను చూడకపోతే 2007 నాటి పోషణ చట్టం ఉంది; ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్ దగ్గర నెలనెలా భరణం అడగవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద రాయించుకున్న ఆస్తిని, చూడకపోతే వెనక్కి తీసుకునే వీలు కూడా ఆ చట్టంలోనే ఉంది. చట్టందాకా పోవాలని ఏ తల్లికీ ఉండదు. ఆమెను అక్కడిదాకా నెట్టకండి.

కొడుకు, కోడలు ఇద్దరూ ఈ జబ్బుతో పోతే మనవళ్లను పెంచి పెద్దచేసిన నాయనమ్మలు, అమ్మమ్మలు గోదావరి జిల్లాల్లో, గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎందరో.  వాళ్లకు సన్మానాలు అక్కర్లేదు, వాళ్ల పింఛను ఆగకుండా వస్తే చాలు. జబ్బుతో ఉన్నవాళ్లకు వేరే పింఛను ఉంది: ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్టీ మందు వాడేవాళ్లకు ఇచ్చే పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. తెలంగాణ పింఛన్ల జాబితాలోనూ ఈ వర్గం ఉంది. అర్హత ఉండి కూడా "జబ్బు పేరు జాబితాలో పడుతుంది" అని దరఖాస్తు పెట్టనివాళ్లున్నారు. సచివాలయం గోడ మీద గాని, నోటీసు బోర్డు మీద గాని, వాట్సాప్ గ్రూపుల్లో గాని జబ్బు పేరుతో జాబితా కనబడకూడదు. కనబడితే అది చట్టవిరుద్ధమని నిలదీయండి.

ఇంకో విషయం, యాభై దాటిన అందరికీ. బరువు తగ్గడం, వదలని జ్వరం, నోట్లో తెల్లపూత, సర్పి, టీబీ వస్తే "వయసు మీదపడింది" అని ఊరుకోకండి. పెద్దవాళ్లకు హెచ్ఐవీ ఉంటుందన్న ఆలోచనే డాక్టర్లకు రాక, ఆలస్యంగా బయటపడేవాళ్లు ఎక్కువ. ఆలస్యమైతే మందు వేసినా ఒంటి శక్తి తిరిగి పుంజుకోవడం ఈ వయసులో కష్టం. పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, రహస్యం. ఈ మాట నోటితో అనడానికి సిగ్గనిపిస్తే 1097కు ఫోన్ చేయండి, డబ్బు పడదు. పెద్దవాళ్ల ఏ కష్టానికైనా 14567, ఉచిత న్యాయ సహాయానికి 15100.

ఇప్పుడు మీతో ఉన్న పని చెబుతాం.

ప్రతి సోమవారం కలెక్టరు ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అన్నా, తెలంగాణలో ప్రజావాణి అన్నా రోజు ఒకటే. ఆ అర్జీ ఇవ్వడానికి మీరు పాజిటివ్ కానక్కర్లేదు. పాజిటివ్ మనిషి ఒంటరిగా వెళ్లి నిలబడితే అందరి కళ్లూ ఆమె మీదే పడతాయి. పదిమంది రైతులు, ఇద్దరు టీచర్లు, ఒక ఆటో డ్రైవరు, నలుగురు పొదుపు సంఘం అక్కలు, పాస్టరు గారు, పూజారి గారు కలిసి వెళ్తే అందులో ఎవరికి జబ్బుందో ఎవరికీ తెలియదు. తన సంగతి చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదని చట్టం కూడా చెబుతోంది. అందుకే మీ సంతకం కావాలి. వెయ్యి సంతకాల మధ్య వాళ్ల సంతకం క్షేమంగా ఉంటుంది.

అర్జీలో ఇలా రాయండి:

"జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు. మన జిల్లాలో హెచ్ఐవీ మందులు వాడుతున్న 50 ఏళ్లు దాటిన వారికి, మందు తీసుకునే రోజే, ఏఆర్టీ సెంటరులోనే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, క్రియాటినిన్ పరీక్షలు చేయించి, ఆ జబ్బుల మందులు కూడా అక్కడే ఇప్పించగలరు. ఆరోగ్యం నిలకడగా ఉన్న పెద్దలకు మూడు నెలల మందు ఒకేసారి ఇప్పించగలరు. ఆడవారికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించగలరు. ఆపరేషన్లకు, వృద్ధాశ్రమాల్లో చేరికకు హెచ్ఐవీ కారణంగా ఎవరినీ తిరస్కరించరాదని జిల్లాలోని ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులకు, ఆశ్రమాలకు ఆదేశాలు ఇవ్వగలరు. హెచ్ఐవీ చట్టం కింద ఫిర్యాదు ఎవరికి, ఎలా చేయాలో ప్రతి ఏఆర్టీ సెంటరులో తెలుగులో బోర్డు పెట్టించగలరు. మన జిల్లాలో మందు వాడేవారిలో 50 దాటినవారు ఎంతమందో, వారిలో ఎంతమందికి గత ఏడాది బీపీ, షుగర్ చూశారో, పేర్లు లేకుండా అంకెలు మాత్రం ప్రకటించగలరు."

ఆ చివరి వాక్యం వదిలేయకండి. అంకె బయటికొస్తే జవాబు చెప్పాల్సినవాళ్లు ఎవరో తేలుతుంది. అర్జీ ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి, నంబరు జాగ్రత్త చేయండి. ఒక నెల చూసి అదే నంబరుతో మళ్లీ వెళ్లండి. ఒక కాపీ జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంటుకు, ఒకటి జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి, ఒకటి మీ ఎమ్మెల్యేకు పంపండి. పాజిటివ్ పెద్దల పేర్లు ఏ కాగితం మీదా జబ్బుతో జతచేసి రాయకండి.

ఈ కరపత్రం చదివాక పారేయకండి. పక్కింటివాళ్లకు ఇవ్వండి, మందుల షాపు గోడకు అతికించండి, అర్జీ భాగం ఫోటో తీసి పంపండి. చదవడం రాని పెద్దావిడ ఎవరైనా అడిగితే కూర్చోబెట్టి చదివి వినిపించండి. ఎందుకు వింటున్నావని మాత్రం అడగకండి.

వచ్చే సోమవారం పొద్దున పది గంటలకు కలెక్టరు ఆఫీసు గేటు దగ్గర కలుద్దాం. సంతకాలు పెట్టిన అర్జీ, ఆధార్ కాపీ, ఒక పెన్ను తెచ్చుకోండి. నడవలేని పెద్దలను ఆటోలో తీసుకురండి, వాళ్లకు కూర్చోవడానికి కుర్చీలు మేం తెస్తాం.

ఇట్లు,
ఏఆర్టీ మందుతో బతుకుతున్న పెద్దలు,
వారి వెంట నిలిచిన ఇరుగుపొరుగు